పోలీసు జట్టు కుర్రాడు నయీముద్దీన్

మా మనవళ్లకు మాడ్రిడ్ జట్టులో ఎవరి మోకాలికి దెబ్బ తగిలిందో తెలుసు. హైదరాబాద్ నుంచి వెళ్లి భారత జట్టుకు కెప్టెన్ అయినదెవరంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. సయ్యద్ నయీముద్దీన్ అంటే "ఎవరు తాతయ్యా?" అంటారు. కడుపు మండిపోతుంది. పిల్లల్ని అని ఏం లాభం? పాఠాల్లో ఆ పేరు లేదు, టీవీలో రాదు.

మా రోజుల్లో ఫుట్‌బాల్ ఆడేవాడు సైకిల్ మీద పోతుంటే టీ కొట్టు దగ్గర జనం లేచి పలకరించేవాళ్లు. సిటీ పోలీసు జట్టువాడైతే ఇక చెప్పక్కర్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన జట్టు అది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ స్వతహాగా బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచినా, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినా ఆయన చలవే. మరుసటి ఏడాదే క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది.

ఆ పోలీసు జట్టులోనే ఆడి పైకొచ్చారు నయీం. అప్పటి సామాను ఎలాంటిదో ఇప్పటివాళ్లు ఊహించలేరు. తోలు బంతి. లోపల బ్లాడర్, పైన తాడుతో బిగించిన కుట్టు. వాన పడితే నీళ్లు తాగి బరువెక్కేది. ఆ తాడు వైపు తలకు తగిలిందంటే నుదురు చీరుకుపోయేది. బూట్లకు స్టడ్లు మేకులతో కొట్టించుకోవాలి. ఆడుతూ ఆడుతూ తోలు అరిగితే మేకు పాదంలో దిగేది. తడిసిన బూట్లలో పాత పేపర్లు కుక్కి, తెల్లారేసరికి ఆరితే చాలనుకునేవాళ్లు. ఇప్పుడు బూట్ల రంగు నచ్చలేదని కొత్త జత కొనిపెట్టమంటారు.

1966లో నయీం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. మన ఊరివాడే మహమ్మద్ హబీబ్ కూడా అప్పుడే వెళ్లాడు. ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటి చోట నయీం ఈ రెండింటికీ, మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ ఆడి మూడు గుంపుల చేతా శభాష్ అనిపించుకున్నారు. భాష రాని ఊళ్లో, ఇంటి తిండికి దూరంగా, డిఫెన్స్‌లో నిలబడి పేరు తెచ్చుకోవడం మాటలు కాదు. గోల్ కొట్టినవాణ్ణి జనం భుజాలకెత్తుకుంటారు. గోల్ ఆపినవాణ్ణి ఎవరు మోస్తారు?

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు ఆయనే కెప్టెన్. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో జపాన్‌ను 1-0తో ఓడించి కంచు పతకం తెచ్చారు. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత ఇప్పటిదాకా మనకు పతకం లేదు. ఈ మాట రాయాలంటేనే మనసు చివుక్కుమంటుంది.

ఆట మానేశాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. కోచ్‌గా మళ్లీ ఊళ్లు తిరిగారు. 1990లో ఆయన చేతికింద ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ఆ ఏడాదికే ద్రోణాచార్య అవార్డు. మోహన్ బగాన్, మహమ్మడన్, మహీంద్రా యునైటెడ్, సరిహద్దు దాటి ఢాకాలో బ్రదర్స్ యూనియన్, అన్నిటికీ పనిచేశారు. దేశం జట్టు అప్పగిస్తే 1997లో ఖాట్మండులో, 2005లో కరాచీలో దక్షిణాసియా కప్పు గెలిపించారు. క్రమశిక్షణ దగ్గర మాత్రం చండశాసనుడు. ఆలస్యంగా వచ్చేవాడన్నా, ఒళ్లు పెంచినవాడన్నా ఆయనకు గిట్టదు. అంత గట్టివాణ్ణి నేటి కుర్రాళ్లు తట్టుకోగలరా అంటే నాకు అనుమానమే.

ఇప్పటి కోచ్‌లకు చదువు తక్కువని నేననను. 2019లో మన పేరుతో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీని స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ 2022లో ఐఎస్ఎల్ విజేతగా నిలిపారు. నేనూ సంతోషించాను. కానీ ఆ జట్టులో మన గల్లీల్లో పెరిగిన కుర్రాళ్లు ఎందరు? వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అప్పట్లో మనం ఆటగాళ్లను కలకత్తాకు పంపినా ఇక్కడ కొత్తవాళ్లు పుట్టుకొస్తూనే ఉండేవాళ్లు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది అందుకే. ఇప్పుడు పైన జట్టు లేదు, కింద మైదానం లేదు. బడి మైదానాల్లో కొత్త గదులు లేచాయి, మిగిలిన మూల క్రికెట్ నెట్లు కట్టారు.

హబీబ్ 2023 ఆగస్టు 15న కన్నుమూశాడు. ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. హెడ్‌మాస్టార్లకూ పీటీ మాస్టార్లకూ నా విన్నపం ఒక్కటే: నలభై, యాభై ఏళ్ల కిందట ఆడిన పోలీసు జట్టువాళ్లు, రైల్వే జట్టువాళ్లు మీ పేటల్లోనే ఉన్నారు. వాళ్ల ఇంటికి వెళ్లి, మీ పిల్లలకు ఆట నేర్పమని పిలవండి. అంతకుముందు మీ బడిలో గోల్ పోస్టులు పాతించండి.