ఆడలేక లినక్స్ ఓడు

ఇంట్లో నెట్ ఆగిపోయింది. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా మండుతోంది. అంటే లైన్‌లో సిగ్నలే రావడం లేదు, బహుశా తీగ ఎక్కడో తెగింది లేదా మరీ వంగిపోయింది. ఇదే మాట కస్టమర్ కేర్‌కు చెప్పి చూడండి. "మీది విండోస్ ఏ వెర్షన్ సర్?" అంటారు. నోరు జారి లినక్స్ అన్నారో, కేసు కొట్టేసినట్టే. "లినక్స్‌కు మా దగ్గర సపోర్ట్ లేదు సర్." స్తంభం మీద కోతి కొరికిన తీగకు కూడా మీ ఆపరేటింగ్ సిస్టమే జవాబుదారీ!

తమాషా ఏమిటంటే, వాళ్లు మన గోడకు బిగించి వెళ్లే రౌటర్లలో చాలావాటి లోపల ఉన్నది లినక్సే. 2003లో లింక్సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ గుట్టు ఇలాగే రట్టయింది. అందులో లినక్స్ వాడారని తేలడంతో లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ బయటపెట్టక తప్పలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఆ కోడ్ నుంచే. సపోర్ట్ లేదని చెప్పిన అబ్బాయి జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని కెర్నల్ కూడా లినక్సే. టాప్ 500 జాబితాలోని సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. పాపం, మన మేడ మీది గదిలోని పాత ల్యాప్‌టాప్ ఒక్కటే దిక్కులేనిదయింది.

నిజానికి లోపం ఎక్కడుందో లినక్స్ దాచుకోదు. టెర్మినల్ తెరిచి ముందు మీ ఐపీ అడ్రస్ చూడండి. అది 169.254తో మొదలైతే రౌటర్ మీకు అడ్రసే ఇవ్వలేదని అర్థం. అడ్రస్ సరిగానే ఉంటే రౌటర్‌ను పింగ్ చేయండి, చాలా ఇళ్లలో అది 192.168.1.1. రౌటర్ పలికితే బయట నెట్‌లో ఉన్న 8.8.8.8ను పింగ్ చేయండి. అదీ పలికి, వెబ్‌సైట్‌ను పేరుతో పిలిస్తే మాత్రం పలక్కపోతే తప్పు పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌ది. ఉబుంటూలో డీఎన్‌ఎస్ సర్వర్ 127.0.0.53 అని కనబడితే కంగారు పడకండి, అది మీ కంప్యూటర్‌లోనే కూర్చున్న మధ్యవర్తి. దాని వెనకున్న అసలు సర్వర్ ఏదో 'రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్' చెబుతుంది.

ఇంత విచారణా చేసి, "రౌటర్ పలుకుతోంది, దాని అవతల ఎవరూ పలకడం లేదండీ" అని విన్నవించుకుంటే వచ్చే జవాబు: "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్." చేస్తే ఒక్కోసారి వస్తుంది కూడా, అదే మన ఖర్మ! ఏది చెడిందో, ఏది బాగయిందో ఎవరికీ తెలియదు. చాలా రౌటర్లలో రీస్టార్ట్‌తో లాగ్ కూడా చెరిగిపోతుంది. నేరం మాఫీ, సాక్ష్యం మాయం.

లినక్స్ భక్తులు మాత్రం తక్కువ తిన్నారా? వైఫై రాలేదని వాళ్ల దగ్గర వాపోతే "డిస్ట్రో మార్చెయ్ గురూ" అంటారు. సమస్య ఒక ఫర్మ్‌వేర్ ఫైలుది, శిక్ష హార్డ్ డిస్కుకు. డెబియన్ అనే లినక్స్ డిస్ట్రో వారి నియమనిష్ఠల సంగతి మరీ ఘనం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లోకి 2023 దాకా, అంటే డెబియన్ 12 వచ్చేదాకా, రానివ్వలేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పనిచేయాలంటే ఆ ఫైలు కావాలి, ఫైలు దించుకోవాలంటే నెట్ కావాలి. ఈ ఒక్క విషయంలో కస్టమర్ కేర్ వాళ్లు లినక్స్‌ను తిట్టినా నేను అడ్డురాను, కానీ వాళ్లకు ఈ సంగతి తెలిస్తే కదా! అలా ఇరుక్కున్నవాళ్లు ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ పెట్టుకోండి, డ్రైవర్ల గొడవ లేకుండా సాధారణంగా పనైపోతుంది.

కాబట్టి పాఠకులకు ఒక సలహా. ఈసారి ఆపరేటింగ్ సిస్టమ్ ఏదని అడిగితే వాదన పెట్టుకోకండి. "ఫోన్లోనూ రావట్లేదు, టీవీలోనూ రావట్లేదు" అనండి. కంప్లయింట్ నంబర్ చేతికి వచ్చేదాకా లైన్ మాత్రం వదలొద్దు.