మూడు బుట్టలు, ఒకటే బండి

మా పట్టణంలో చెత్త తగ్గించడానికి ఒక కమిటీ ఉంది. చెత్త తగ్గలేదు. కమిటీ పెరిగింది. మొదట్లో చైర్మన్, కమిషనర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఇద్దరు కౌన్సిలర్లు ఉండేవారు. తర్వాత వర్తక సంఘం వారొకరు చేరారు. ఓ స్కూలు కరస్పాండెంటు, ఓ రిటైర్డు ప్రిన్సిపాలు గారు, ఒక యువనేత కూడా వచ్చారు. యువనేతకు యాభై దాటి చాలాకాలమైంది. చెత్త ఎత్తేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఏం, కుర్చీలు చాలలేదా?

వీరి సమావేశం చూసి తీరాలి. గోడకు గోడంత ఫ్లెక్సీ: ‘ప్లాస్టిక్ రహిత పట్టణమే మా ధ్యేయం’. దాని కింద వరసగా తలకాయలు. బల్ల మీద మనిషికో అర లీటరు నీళ్ల సీసా. రెండు గుక్కలు తాగి వదిలేసినవే అన్నీ. సమోసాలకు ప్లాస్టిక్ ప్లేట్లు, టీకి ప్లాస్టిక్ కప్పులు. అజెండాలో మొదటి అంశం ఏమిటో తెలుసా? ‘ప్రజల్లో అవగాహన లోపించుట’. పరిష్కారం: అవగాహన ర్యాలీ. ర్యాలీకి బడిపిల్లలు, టోపీలు, నీళ్ల ప్యాకెట్లు. ర్యాలీ పోయిన దారి పొడవునా ఆ ప్యాకెట్లు ఏరుకుంటూ గోనెసంచితో ఒక ముసలామె. ఇంతకీ అవగాహన లేనిది ఎవరికి?

ఫ్లెక్సీ సంగతి కూడా వినండి. నాలుగో రోజుకల్లా అది బస్టాండు దగ్గర బజ్జీల బండికి పైకప్పయింది. వానొస్తే చైర్మన్ గారి బుగ్గల మీదుగా నీళ్లు కారి నూనె మూకుడు పక్కన పడుతున్నాయి. కమిటీ పుట్టాక మా ఊళ్లో జరిగిన అసలు సిసలు పునర్వినియోగం అదొక్కటే. అది కూడా బజ్జీలాయన పుణ్యం!

అసలు ఫ్లెక్సీలను నిషేధించలేదా అంటారా? నిషేధించారు బాబూ. 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రే ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు. గడువు దగ్గర పడ్డాక జనవరి 26 అన్నారు. ఇప్పుడు మీ సెంటరుకు వెళ్లి ఒక్కసారి తలెత్తండి. ఆకాశం కనిపిస్తోందా, పుట్టినరోజు శుభాకాంక్షలు కనిపిస్తున్నాయా?

ఇక బుట్టల కథ. 2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పథకం మొదలైంది. విజయవాడ బెంజి సర్కిల్‌లో చెత్త బండ్లకు జెండా ఊపారు. ఇంటికి మూడు బుట్టలు. పచ్చదాంట్లో తడి చెత్త, నీలందాంట్లో పొడి చెత్త, ఎర్రదాంట్లో ప్రమాదకరమైన చెత్త. మా వీధి ఇల్లాళ్లు మొదట్లో బుద్ధిగా విడదీశారు. కూరగాయల తొక్కలు ఒకదాంట్లో, పాల కవర్లు ఇంకోదాంట్లో. పొద్దున్నే పాట పెట్టుకుని బండి వచ్చేది. బండిలో తడికీ పొడికీ మధ్య ఒక అడ్డ చెక్క ఉండేది. కొన్నాళ్లకు ఆ చెక్క విరిగింది. కొత్త చెక్క వేయించడానికి బడ్జెట్ లేదు. పాట మాత్రం ఆగలేదు. తడి వేరు, పొడి వేరు అని మైకు అరుస్తూనే ఉంటుంది. రెండు బుట్టలూ ఒకే గుట్టలో బోర్లపడుతూనే ఉంటాయి.

“ఇదేంటయ్యా, కలిపేస్తున్నావు?” అని ఒకావిడ నిలదీసింది.

“ఎలాగూ అక్కడ కలిపేదే కదమ్మా,” అన్నాడు బండి మీది కుర్రాడు.

అతన్ని తప్పు పట్టగలమా? ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. చేతికి గ్లౌజుల్లేవు. జీతం ఎప్పుడొస్తుందో కమిషనర్ గారికే తెలియదు. కమిటీ మొత్తంలో ఎవరూ చెప్పని నిజం అతనొక్కడే చెప్పాడు. ఆ రోజు నుంచి బుట్టలు కొత్త కొలువుల్లో చేరాయి. పచ్చదాంట్లో ఉల్లిపాయలు. నీలందాంట్లో స్నానానికి నీళ్లు. ఎర్రదాంట్లో తులసి మొక్క. కమిటీ నివేదికలో ఏమని రాశారు? ‘బుట్టల పంపిణీ నూరు శాతం పూర్తి’. అబద్ధం కాదు. పంపిణీ పూర్తయింది!

అందులోనే ఉంది అసలు మాయంతా. వీళ్లు లెక్కపెట్టేది ఇచ్చిన బుట్టల్ని, ఊపిన జెండాల్ని, తీసుకున్న ఫొటోల్ని. బుట్టలోంచి బయటపడ్డ చెత్త ఎటు పోయిందో లెక్కపెట్టే గడి ఏ ఫారంలోనూ లేదు.

ఎటు పోతుందో మీకూ నాకూ తెలుసు. ఊరి స్వాగత తోరణం దాటగానే ఎడమ చేతి వైపు డంపింగ్ యార్డు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతను మనవాళ్లు అక్షరాలా అమలు చేశారు. ఎండాకాలం వస్తే అది అంటుకుంటుంది. వారం రోజులు పొగ. పక్క కాలనీలో పసిపిల్లలకు దగ్గు. “ఎవరూ తగలబెట్టలేదండీ, దానంతటదే అంటుకుంది,” అంటారు అధికారులు. అంటుకుంటుంది, కాదనం. తడి చెత్త గుట్ట అడుగున గాలాడక మగ్గితే మీథేన్ పుడుతుంది, నిప్పురవ్వ చాలు. అయ్యా, మరి ఆ తడి చెత్త అక్కడిదాకా ఎలా వెళ్లింది? మేం పచ్చ బుట్టలో వేరుగా ఇచ్చాం కదా?

యార్డు గేటు పక్కనే వర్మీ కంపోస్టు షెడ్డు కూడా ఉందండోయ్. శిలాఫలకం ఉంది. తాళం ఉంది. ఫలకం మీదున్న పేర్లలో సగం మంది పార్టీలు మారారు. తాళం మాత్రం మారలేదు. పట్టణాల్లో చెత్త శుద్ధి కేంద్రాలు పెట్టడానికి 2000 నాటి నిబంధనలు ఇచ్చిన గడువు 2003 డిసెంబరు 31. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు ఓట్లొచ్చాయి. వాటిని అడగడానికి ఈ కమిటీ వాళ్లే వస్తారు.

చెత్త పన్ను మీద జరిగినంత గొడవ చెత్త మీద జరిగిందా? నెలనెలా వసూలు చేశారు. జనం తిట్టారు. 2024లో మళ్లీ అక్టోబర్ 2నే, మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి పన్ను రద్దన్నారు. జనం చప్పట్లు కొట్టారు. పథకానికీ గాంధీ జయంతే, పన్ను రద్దుకూ గాంధీ జయంతే. పన్ను పోయింది. చెత్త పోలేదు. 2025 జనవరి నుంచి ప్రతి మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అన్నారు. చెత్తకు ఆ సంగతి చెప్పినట్టు లేరు, అది మిగతా రోజుల్లోనూ వస్తోంది. శుక్రవారం రాత్రే కార్మికులు ఆ వీధి ఊడ్చేస్తారు. శనివారం పొద్దున పెద్దలు ఊడవడానికి నాలుగు ఎండుటాకులు మళ్లీ చల్లాలి కూడానూ!

అధికారం ఎవరిదైనా బండి ఒకటే.

చట్టం మాత్రం నిద్రపోదు. పూల బజారులో మేల్కొంటుంది. 2022 జులై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు బోలెడన్ని నిషేధించారు. ఆ ఏడాది చివరికి క్యారీబ్యాగు మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలన్నారు. మల్లెపూలమ్మే మామ్మ దగ్గర మైక్రాన్లు కొలవడానికి అరడజను మంది దిగారు. కవర్ల కట్ట గుంజుకున్నారు. జరిమానా రాశారు. ఆమె రోజు బేరం గల్లంతు. ఆ కవరు తయారైన ఫ్యాక్టరీకి ఎవరైనా వెళ్లారా? టోకున తెచ్చిన గోడౌను షట్టరు ఎవరైనా తట్టారా? గోడౌను ఓనరు కమిటీలోనే ఉంటే ఎలా తడతారు, పాపం!

ఊరిని నిజంగా కాస్తున్నది గోనెసంచి ముసలామె. సీసా, అట్ట, ఇనుము ఏరి పాత సామాన్ల కొట్టులో వేస్తుంది. మున్సిపాలిటీ చేయాల్సిన పని పైసా జీతం లేకుండా చేస్తోంది. ఇలాంటి వాళ్లను గుర్తించి సేకరణలో కలుపుకోవాలని 2016 నాటి చెత్త నిర్వహణ నిబంధనల్లోనే రాశారు. మా ఊళ్లో ఆమెకు దక్కిన గుర్తింపల్లా యార్డు వాచ్‌మన్ అదిలింపు.

కమిటీ వారు ఇప్పుడు అధ్యయన యాత్రకు ఇందోర్ వెళ్తారట, విమానంలో. 2003 ప్రాంతంలోనే సూర్యాపేట తడి, పొడి వేరు చేసి పేరు తెచ్చుకుంది. విజయనగరం జిల్లాలో చిన్న ఊరు బొబ్బిలి చెత్తతో ఎరువు చేసి చూపించింది. అక్కడికి వెళ్లొచ్చు కదా? బొబ్బిలికి రైల్లో వెళ్లాలి కదండీ, అధ్యయనం కుదరదు!

వచ్చే మూడో శనివారం వీళ్లు మీ వీధికి వస్తారు. చేతిలో కొత్త చీపుళ్లు, వెనకాల కెమెరా. ఒక్క మాట అడగండి: “మా ఇంటి చెత్త బండి వెంట యార్డు దాకా నడుస్తారా?” లైసెన్సు లేని చోట నూరు మందికి పైగా చేరే కార్యక్రమమైతే మూడు పనిదినాల ముందే మున్సిపాలిటీకి తెలపాలని, అక్కడి చెత్త విడదీసి అప్పగించాలని ఆ 2016 నిబంధనల్లోనే రాశారు. పోయిన నెల మంత్రిగారి సభకు ఆ కాగితం ఎవరిచ్చారో చూపించమనండి. చూపించేదాకా మీ గుమ్మం ముందు ఫొటో దిగనివ్వకండి.