గులాబీ రంగు స్వెట్టరు

మా అమ్మాయికి పదిహేనేళ్లు. వేసవి సెలవుల్లో హ్యారీ పాటర్ అయిదో భాగం, 'ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్', చదవడం అయిపోగానే "నాన్నా, నువ్వూ చదువు, మా వయసు వాళ్ల బాధేంటో తెలుస్తుంది" అంటూ నా ఒళ్లో పడేసింది. నిజంగానే పడేసింది. 2003లో అచ్చయిన బ్రిటిష్ ప్రతి అది, 766 పేజీలు. ఏడు భాగాల్లో అదే లావు. మొదటి రెండు రోజులూ మా ఆవిడ దాన్ని వడియాల గుడ్డ ఎగిరిపోకుండా బరువు పెట్టుకుంది.

అందులో హ్యారీకీ పదిహేనేళ్లే. పుస్తకం మొదట్లోనే స్నేహితుల మీద విరుచుకుపడతాడు, అంతా పెద్దక్షరాల్లో. ఇంగ్లీషువాళ్ల లిపిలో కోపానికి ఆ వసతి ఉంది. మనకు లేదు. అందుకే మా ఇంట్లో తలుపులు దబేలుమంటాయి.

ఇక విలన్ వోల్డెమార్ట్. అతని పేరెత్తాలంటేనే మంత్రగాళ్లలో చాలామందికి వణుకు. నాకది వింతగా అనిపించలేదు. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ మా తాతయ్య పేరు పలకలేదు. రేషన్ కార్డు రాసుకోవడానికి వచ్చినాయన అడిగితే "ఆ ఏడుకొండలవాడి పేరే" అని పైకి చూపించింది. తాతయ్యేమో పిల్లిని కూడా అదిలించలేని మనిషి.

నన్ను భయపెట్టింది మాత్రం డోలొరెస్ అంబ్రిడ్జ్. పొట్టి మనిషి, గులాబీ రంగు స్వెట్టరు, గదినిండా పిల్లిపిల్లల బొమ్మల పళ్లాలు, మాట్లాడబోయే ముందు ఓ చిన్న దగ్గు. మంత్రిత్వ శాఖ నుంచి బడికి డెప్యుటేషన్ మీద వస్తుంది. వచ్చిన దగ్గర్నుంచీ నోటీసు బోర్డు మీద ఉత్తర్వులే ఉత్తర్వులు. ఇరవై నాలుగో ఉత్తర్వు ప్రకారం ఆవిడ అనుమతి లేకుండా ముగ్గురు పిల్లలు తరచూ ఒకచోట చేరితే చాలు, బడి నుంచి గెంటేస్తారు.

పుస్తకం మూసి మంచినీళ్లు తాగాను. ఆ ఉత్తర్వు నేనెరుగుదును! మా ఆఫీసులో పాత సారు హయాంలో బోర్డు మీద ఓ సర్క్యులర్ ఉండేది: టీకి ఇద్దరికి మించి కలిసి వెళ్లరాదు. కింద పచ్చ సిరా సంతకం. ఆయన గదిలో పిల్లిబొమ్మల బదులు పింగాణీ కుందేలు. దగ్గు మాత్రం అదే. ఆ దగ్గు వినపడితే మా సెక్షన్లో ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిరిగేది. వోల్డెమార్ట్ నన్నెప్పుడూ పిలిపించలేదు. ఈయన వారానికి రెండుసార్లు పిలిపించేవారు, నవ్వుతూ.

ఫ్రెడ్, జార్జ్ అనే కవలలు బడిలో బాణసంచా పేల్చి, వసారాని బురదగుంట చేసి, చీపుళ్లెక్కి ఎగిరిపోతారు. ఆ పేజీలు రెండుసార్లు చదివాను. మా సెక్షన్లో అంత గుండె ఎవరికుంది? ఒకాయన వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తన కుర్చీ మీది తువ్వాలు కూడా పట్టుకుపోయాడు. మా తిరుగుబాటంతా అదే.

చివరికి అంబ్రిడ్జ్ బడి వదిలి పారిపోతుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే మా అమ్మాయి చల్లగా చెప్పింది: "ఏడో పుస్తకంలో మళ్లీ వస్తుంది నాన్నా, మంత్రిత్వ శాఖలోనే. ఓ కమిషన్‌కి పెద్ద."

మా సారు కూడా ప్రమోషన్ మీదే వెళ్లారు. వీడ్కోలు సభకి దండ తెచ్చింది నేనే.