పరాజయ మీమాంస

న్యాయస్థానములలో న్యాయమూర్తుల కొరత యున్నదని పత్రికలు ఎంతగా మొఱపెట్టినను, మార్చి మాసాంతము మొదలుకొని మే మాసాంతము వఱకు ఈ దేశమున ఆ కొరత యెవ్వరికిని కానరాదు. ఐపీయల్ పోటీలు నడచు ఆ రెండు మాసములును ప్రతి యింటి వసారాయు ఒక ధర్మాసనము. ప్రతి టీకొట్టును ఒక అప్పీలు కోర్టు. అంపైరు మొదటి ముద్దాయి, కెప్టెను రెండవ ముద్దాయి, వేలములో అధిక ధరకు చేయెత్తిన యజమాని మూడవ ముద్దాయి. వర్షము పడినచో వరుణదేవుడు నాల్గవ ముద్దాయి. ఫిర్యాది, సాక్షి, ప్లీడరు, న్యాయమూర్తి అను నాలుగు పదవులను ఏకకాలమున, నయాపైస జీతము లేక, నిర్వహించు మహానుభావుడు క్రికెట్ అభిమాని. అట్టివారిలో అగ్రగణ్యులు మా వీధిలో నొకరు కలరు. వారే వేఱువేఱు నామధేయములతో పాఠకుల వీధులలోను నివసించుచున్నందున పేరుతో పనిలేదు, అభిమానిగారనియే వ్యవహరింతును. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు వారి యిష్టదైవము. క్రీడారంగమున సంభవించు పరాజయములను గూర్చియు వివాదములను గూర్చియు వారు వెలిబుచ్చిన యభిప్రాయములను లోకోపకారార్థము సంగ్రహించుటయే యీ రచనకు ప్రయోజనము.

విజయమునకు కారణ మొక్కటియే యుండును, పరాజయమునకు అనేకము లుండును అనునది వారి మొదటి సిద్ధాంతము. 2024 మార్చి 27వ తేదీన ఉప్పల్ మైదానమున ముంబయి జట్టుపై మన వారు మూడు వికెట్ల నష్టమునకు 277 పరుగులు చేసి, మూడు వారములైనను నిండకమునుపే బెంగుళూరులో 287 పరుగులతో తమ రికార్డును తామే తుడిచివేసినప్పుడు, ఇంతటి ఘనకార్యమునకు హేతు వేమని యడుగగా అభిమానిగారు "ధైర్యము" అను నొక్కమాటతో సరిపుచ్చిరి. ఆ జట్టే మే 26వ తేదీన చెపాక్ మైదానమున ఫైనలులో కోల్‌కతా యెదుట 18.3 ఓవర్లలో 113 పరుగులకు కుప్పకూలి, ఐపీయల్ ఫైనళ్లలో అంతకంటె తక్కువ స్కోరు మఱొకటి లేదని చరిత్రకారులచే వ్రాయించుకొనినప్పుడు మాత్రము, వారి నోట కారణములు తెల్లవారు వఱకు వెలువడుచునే యుండెను. సముద్రపు గాలి యొక కారణము. పంచాంగము చూడక తేదీ నిర్ణయించిన క్రికెట్ బోర్డు మఱొక కారణము. మన అభిషేక్ శర్మను మొదటి ఓవరులోనే బౌల్డు చేసిన స్టార్కును కోల్‌కతావారు ₹24 కోట్ల 75 లక్షలకు కొనియుండుట ముఖ్య కారణము.

"అది ధనబలము గాని ప్రతిభ గాదు" అని వారు తీర్పు చెప్పిరి.

"అదే వేలములో, అదే దినమున, మన కెప్టెను కమిన్సును ₹20 కోట్ల 50 లక్షలకు కొంటిమి గదండీ?"

"అది పెట్టుబడి."

"పోనిండు, టాస్ మాట యేమందురు?"

"అదియే తొలి దుర్నిమిత్తము."

"టాస్ గెలిచినది మన కెప్టెనే గదా! బ్యాటింగు కోరుకొనినదియు నాయనయే గదా!"

"ఓడిపోవలసిన టాస్ గెలిచి, గెలువవలసిన మ్యాచి నోడినాడు. అందులకే దుర్నిమిత్త మనుచున్నాను."

కోల్‌కతావారు ఆ లక్ష్యమును 10.3 ఓవర్లలో, రెండే వికెట్లు పోగొట్టుకొని, ముగించిరన్న విషయమును నేను ప్రస్తావింపలేదు. దుఃఖితుల యెదుట అంకెలు వల్లించుట శిష్టాచారము గాదు.

రెండవ సిద్ధాంతము పాపపుణ్యములకు సంబంధించినది. స్మృతికర్తలు పాపములను మహాపాతకములు, ఉపపాతకములు అని విభజించి శ్రమపడిరి. అభిమానిగారి విభజన అంతకంటె సుకరము: పరజట్టు పాపములు, స్వజట్టు పొరపాట్లు. 2013 మే మాసమున స్పాట్ ఫిక్సింగు అభియోగముపై రాజస్థాన్ జట్టులోని ముగ్గురు ఆటగాండ్రను ఢిల్లీ పోలీసులు నిర్బంధించిరి. పిదప బోర్డు అధ్యక్షుని అల్లుడు, చెన్నై జట్టు వ్యవహారములలో తిరుగుచుండిన గురునాథ్ మెయ్యప్పన్, పందెముల కేసులో చిక్కెను. బోర్డు నేలుచున్న వారి కంపెనీయే ఒక జట్టును కూడ ఏలుట యేమి ధర్మమని సుప్రీంకోర్టు ప్రశ్నించెను. అప్పుడు అభిమానిగారు ప్రదర్శించిన ధర్మావేశమును వర్ణించుట నా తరము గాదు. ఆ వ్యవహారమును విచారించిన ముద్గల్ కమిటీ నివేదికను వారు పంచాంగశ్రవణమువలె వీధివారి కందఱికి వినిపించిరి. 2015 జూలై 14వ తేదీన శిక్షలు నిర్ణయించు లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్లను రెండేండ్లపాటు వెలివేసిన దినమున మిఠాయి పంచిరి. ఆ ముగ్గురు ఆటగాండ్రను అదే నెలలో విచారణ న్యాయస్థానము అభియోగవిముక్తులను గావించెననగా మాత్రము, కోర్టులకు క్రికెట్ తెలియదని తేల్చివైచిరి.

మఱుసటి యేడు, అనగా 2016 మే 29వ తేదీన, బెంగుళూరును బెంగుళూరులోనే 8 పరుగులతో నోడించి మన జట్టు కప్పు తెచ్చుకొనెను. ఆ యేడు వెలివేయబడిన రెండు జట్లును బరిలో లేవు గదా యని యెవరో కుఱ్ఱవాడు సవినయముగా మనవి చేయగా, అభిమానిగారు తర్కశాస్త్రము నాశ్రయించిరి. "వారు లేకుండుట న్యాయము. మనము గెలుచుట ప్రతిభ. న్యాయమును ప్రతిభతో ముడిపెట్టుట హేత్వాభాసము" అనిరి. కుఱ్ఱవానికి హేత్వాభాస మన నేమో తెలియకపోవుటచే వాదము అంతటితో ముగిసెను.

కాని ధర్మము చక్రమువంటిదని పెద్దలందురు. అది 2018 మార్చిలో కేప్‌టౌనుకు తిరిగెను. అచ్చటి టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడొకడు బంతిని ఉప్పుకాగితముతో రుద్దుచు కెమెరాకు దొరికెను. ఆ యుపాయము వెనుక ఉపనాయకుడు డేవిడ్ వార్నర్ హస్తమున్నదని తేల్చి, ఆ దేశపు బోర్డు అతనిని ఒక సంవత్సరము నిషేధించెను. ఆ వార్నరే మనకు 2016లో కప్పు తెచ్చిపెట్టిన కెప్టెను. నాలుగు వందల పుటల ధర్మోపన్యాసము వినుట కాయత్తపడి నేను అభిమానిగారి యింటికి పోగా, వారు ప్రశాంతముగా కాఫీ సేవించుచు కూర్చుండిరి. "వడ్రంగి సంచిలో నిత్యము కనబడు కాగితము పచ్చికపై కనబడినంతమాత్రమున మారణాయుధ మగునా? పైగా కేప్‌టౌనులో జరిగిన పని ఉప్పల్ ఠాణా పరిధిలోనికి రాదు" అనిరి. ఆ యేడు మన జట్టు విలియమ్సన్ నాయకత్వమున ఫైనలు చేరి, శిక్ష ముగించుకొని తిరిగివచ్చిన చెన్నై చేతనే వాంఖడేలో 8 వికెట్ల తేడాతో నోడిపోయెను. చెన్నై పక్షమున వాట్సన్ ఒక్కడే 117 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. అభిమానిగారి వ్యాఖ్య సంక్షిప్తము: "రెండేండ్ల శిక్ష చాలదని నేను ఆనాడే చెప్పితిని."

పాపమునకు ప్రాయశ్చిత్తము విధింపవలయు గదా! చాంద్రాయణాది వ్రతములు ధర్మశాస్త్రములలో నుండనే యున్నవి. వార్నర్ మహాశయుడు 2020 లాక్‌డౌను కాలమున సకుటుంబముగా తెలుగు సినిమా పాటలకు నర్తించి వీడియోలు పెట్టిన దినముననే అభిమానిగారి శాస్త్రప్రకారము అతని దోషములు పరిహృతములైనవి. అతనిని 2021లో సీజను నడుమనే కెప్టెన్సీ నుండి తొలగించి, పిదప జట్టునుండియే తప్పించినప్పుడు, ఉప్పుకాగితమునకు రాని కోపము యాజమాన్యముపై వచ్చెను.

సొంతవూరి వారి విషయమున ఈ శాస్త్రము మఱింత సూక్ష్మమగును. తొలి మూడు టెస్టులలోను సెంచరీలు చేసి, 99 టెస్టులాడి, భారత జట్టుకు నాయకుడైన అజహరుద్దీనును మ్యాచ్ ఫిక్సింగు వివాదమున 2000 డిసెంబరులో బోర్డు జీవితాంతము నిషేధించెను. ఆ జీవితాంతములో 2009లో ఆయన మొరాదాబాదు నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. 2012లో ఆ నిషేధము చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చెను. 2019లో ఆయనయే హైదరాబాదు క్రికెట్ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆ యధ్యక్షుని కాలముననే ఉప్పల్ స్టేడియములోని ఉత్తరపు స్టాండుకు ఆ యధ్యక్షుని పేరే పెట్టబడెను. దానిని తొలగింపుడని 2025 ఏప్రిలులో సంఘపు అంబుడ్స్‌మన్ ఆదేశించగా, ఆ యాదేశమును హైకోర్టు నిలిపివేసెను. వీనిపై అభిప్రాయమడిగినప్పుడు అభిమానిగారి నేర్పు చూడవలయును. అభియోగముల మాట యెత్తినచో ఆ మణికట్టు విన్యాసమును వర్ణింతురు. మణికట్టు మాట యెత్తినచో హైకోర్టు తీర్పును ఉదహరింతురు. రెండింటిని కలిపి యడిగినచో మంచినీళ్లకై లోనికి పోవుదురు.

ఇక మృతజట్టు ప్రశంస. సన్‌రైజర్సునకు పూర్వము ఈ నగరమున దక్కన్ చార్జర్స్ అను జట్టుండెనని నేటి బాలురకు తెలియదు. 2008లో అది అట్టడుగు స్థానమున నిలిచినది. 2009లో ఎన్నికల వలన పోటీలు దక్షిణాఫ్రికాకు తరలిపోగా, గిల్‌క్రిస్ట్ నాయకత్వమున జొహానెస్‌బర్గులో బెంగుళూరును 6 పరుగులతో నోడించి ఛాంపియనైనది. సొంత జనులు చూడని చోట గెలుచుటయు, చూచిన చోట ఓడుటయు దాని జాతకము. 2012 సెప్టెంబరులో యాజమాన్యపు ఆర్థిక కష్టముల నడుమ బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దుచేసెను. మఱుసటి నెలలోనే సన్ టీవీ వారు ఏటికి ₹85 కోట్ల 5 లక్షల చొప్పున హైదరాబాదును కొనిరి. జట్టు చనిపోయినను వ్యాజ్యము చావలేదు. రద్దు అన్యాయమని 2020లో మధ్యవర్తి ₹4,800 కోట్లకు పైబడిన పరిహారము చెల్లింపుమని బోర్డును ఆజ్ఞాపించగా, 2021లో బొంబాయి హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. బ్రతికియున్న నాళ్లలో ఏ జట్టును అంత పెద్ద స్కోరు చేయలేదనియు, అది కూడ కడకు రివ్యూలో పోయినదనియు అభిమానిగారు నిట్టూర్చిరి. పదమూడవ దినము నిండకయే వారు నీలి చొక్కాను మడిచిపెట్టి నారింజ రంగు చొక్కా తొడిగిరి. వైరాగ్యమున కంతకుమించిన నిదర్శన మేమి కావలయును!

ఇన్ని యభిప్రాయములు కలవారికి కోపము వచ్చినచో యజమానులకు నష్టము గదా యని యమాయకులు తలంపవచ్చును. 2023 మొదలు 2027 వఱకు ఐదేండ్ల ప్రసారహక్కులు ₹48,390 కోట్లకు అమ్ముడుపోయినవి. ఆ సొమ్ము పెట్టినవారు మన సంతోషమును మాత్రమే కొనలేదు. మన కోపమును కూడ కొనిరి. తప్పుగా నిచ్చిన అవుటు నిర్ణయమును పదిమార్లు త్రిప్పి చూపుట మన న్యాయదృష్టిపై గౌరవముచే గాదు. ఆ పది మార్ల నడుమ ప్రకటనలు పట్టును గనుక. "ఇక చూడను" అని శపథము చేసి టీవీ కట్టివేసిన అభిమాని, ఆ శపథమున కెందఱు మెచ్చుకోలు తెలిపిరో చూచుటకై ఫోను తెఱచును. అందును అదే మ్యాచి నడుచుచుండును.

ఇంతటి సర్వజ్ఞునికి అభిప్రాయమే లేని విషయము లోకమున నొక్కటి కలదు. అది అభిమాని సంగతి.

2022 సెప్టెంబరు 22వ తేదీన, భారత్, ఆస్ట్రేలియా మ్యాచి టికెట్లకై సికిందరాబాదు జింఖానా మైదానమున వేలమంది క్యూ కట్టగా తొక్కిసలాట జరిగి, లాఠీలు లేచి, పలువురు గాయపడి ఆస్పత్రి పాలైరి. 2024 ఏప్రిలులో చెన్నై మ్యాచికి ముందటి దినమున, బకాయిలు చెల్లింపలేదని ఉప్పల్ స్టేడియమునకు కరెంటు తీసివేసిరి. 2025 మార్చిలో ఉచిత పాసుల కొఱకు క్రికెట్ సంఘమువారు తమను వేధించుచున్నారనియు, అడిగినన్ని ఈయనందున ఒక బాక్సుకు తాళము వేసిరనియు సన్‌రైజర్స్ వారు లేఖ వ్రాయగా, సంఘమువారు కాదనిరి. ప్రభుత్వము విజిలెన్సు విచారణకు ఆదేశించెను. స్టేడియములోని ఆసనములలో పదింట నొకవంతు ఉచిత పాసులకే పోవునని ఆ కలహమువలన బయటపడినది. సొమ్మిచ్చి కొన దలచినవానికి ఆన్‌లైనులో నిమిషములలో "అమ్ముడైనవి" అను సమాధానము వచ్చుచుండగా, సొమ్మీయక పొందవలసినవారు తమకు చాలలేదని పోరాడుచుండిరి. ఈ విషయమున వారి తీర్పేమని యడుగగా అభిమానిగారు కొంచెము తడవాలోచించి, "ఇంపాక్ట్ ప్లేయరు నిబంధన తొలగింపవలయును" అనిరి.

ఇచ్చట పరిహాసము కొంత యాగవలయును. పదునెనిమిది సీజనులు నిరీక్షించి 2025 జూన్ 3వ తేదీన బెంగుళూరు జట్టు కప్పు గెలువగా, మఱునాడు చిన్నస్వామి స్టేడియము వెలుపల తొక్కిసలాటలో 11 మంది మరణించిరి. వారు గెలిచిన జట్టు వారు. టాస్, మంచు, అంపైరు, వేలము అను కారణములలో ఏ యొక్కటియు వారి మృతికి వర్తింపదు. ఒక నోబాలును గూర్చి రేయింబవళ్లు వాదించుకొన్న జనము, ఆ పదునొకండుగురిని గూర్చి కొలది దినములు విలపించి, పిదప వచ్చే వేలములో ఎవరిని విడిచిపెట్టుదురో యను చర్చలోనికి సుఖముగా మఱలిపోయినది. ఆటగానికి ఒప్పందపత్రమున్నది; యజమానికి వకీలున్నాడు; బోర్డునకు ఖజానా యున్నది; అంపైరునకు మూడవ అంపైరున్నాడు. సొమ్మిచ్చి, ఎండలో నిలిచి, లాఠీ తిని, కేకలు వేసి యీ వైభవమునంతటిని మోయుచున్న వానికి మాత్రము తన పక్షమున వాదింప తానైనను లేడు.

కావున పాఠక మహాశయులకు విన్నపము. వచ్చే సీజనులో మీ జట్టు మొదటి మ్యాచి ఓడకమునుపే, మీ నగరపు క్రికెట్ సంఘమునకు ఒక యుత్తరము వ్రాయుడు. స్టేడియములో సీట్లెన్ని? అమ్మకమునకు పెట్టినవెన్ని? ఉచితముగా పోయినవెన్ని, ఎవరికి పోయినవి? గేట్లు ఏ వేళకు తెఱతురు? నీళ్లబుడ్డి లోనికి రానీయనప్పుడు లోపల త్రాగునీ రెచ్చట నుండును? జనము త్రోసుకొనినచో వెలుపలికి దారి యేది? ఈ ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబు తెప్పించుకొనుడు. రానిచో మఱల వ్రాయుడు. ఎల్బీడబ్ల్యూ సంగతి తీరికగా తరువాత చూచుకొనవచ్చును.