మాస్టర్ చీఫ్ లోతొడుగు: కుట్టే విధానం, చింపుకునే విధానం

కాస్‌ప్లేకి కవచం ఎలా చేయాలో చెప్పేవాళ్లు వీధికొకరున్నారు. ఫోము షీటును హీట్‌గన్‌తో వంచడం నుంచి త్రీడీ ప్రింటర్లో హెల్మెట్ తీయడం దాకా అన్నిటికీ గురువులున్నారు. కవచం కింద వేసుకునే నల్లగుడ్డ తొడుగు మాటెత్తితే మాత్రం అందరూ మౌనవ్రతం. మెడ చుట్టూ, చంకల్లో, మోకాళ్ల వెనక జానెడు కనబడే గుడ్డకు అంత మర్యాద దేనికని కాబోలు. పైన పటారం, లోన లొటారం మనకు కొత్త కాదు గనక ఆ దారిలోనే నడుద్దాం.

ముందుగా పాత్ర. 2001లో ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చిన ‘హేలో’ ఆటలోని మాస్టర్ చీఫ్ అయితే శ్రేష్ఠం. కథ ప్రకారం ఆయన కవచం అరటన్ను బరువు. అది మోయడానికి సైన్యం ఆయన ఎముకలను కూడా ముందే గట్టిపరిచి పెట్టింది. మీకు ఆ ఏర్పాటు లేదు, అయినా అధైర్యపడకండి. తెర మీద తొడ పలక నడుము పలకలోకి కాస్త దూరినా అడిగేవాడు లేడు, అక్కడున్నది బొమ్మ. మీ ఫోము పలకలకు ఆ విద్య రాదు. వంగిన ప్రతిసారీ అవి గుడ్డను లాగుతాయి, గుడ్డ మిమ్మల్ని లాగుతుంది. కవచంతోనే పుట్టిన కర్ణుడికి ఈ పేచీ లేదు.

ఇక గుడ్డ. సికింద్రాబాద్ జనరల్ బజారుకు వెళ్లి ‘నల్లగుడ్డ ఇవ్వండి’ అని మాత్రమే అడగండి. అడ్డంగా, నిలువుగా, రెండు వైపులా సాగే లైక్రా కావాలని నోరు జారితే మంచి గుడ్డ దొరికిపోయే ప్రమాదముంది. కొందరు చాదస్తులు కొట్లోనే పది సెంటీమీటర్ల ముక్కను పట్టుకుని, అది పదిహేను దాకా సాగి మళ్లీ యథాస్థానానికి వస్తుందా అని చూస్తారు. ఒక్క వైపే ఎక్కువ సాగే గుడ్డయితే ఆ సాగుడు ఒంటి చుట్టూ వచ్చేట్టు కత్తిరిస్తారు. మీరు నిగనిగలాడేది చూసుకుని కొనండి. ఫ్లాష్ పడగానే అది వెండిలా మెరిసి, ఫొటోలో అంతరిక్ష సైనికుడి బదులు సర్కస్ ఉయ్యాల ఊగేవాడు కనిపిస్తాడు.

కొలతల విషయంలో ఛాతీ, నడుము చాలు. భుజం మీద టేపు పెట్టి, ముందునుంచి కాళ్ల మధ్యగా వెనక్కి తిప్పి మళ్లీ అదే భుజం దాకా తీసే కొలత ఒకటుంది. ఒకే ముక్కగా కుట్టే తొడుగుకు ప్రాణం అదే. అది రెండంగుళాలు తగ్గితే రోజంతా ఎవరో భుజాలు పట్టుకుని కిందికి గుంజుతున్నట్టే ఉంటుంది. వీరుడు కాస్త వంగి నడిస్తే వినయం అనుకుంటారు లెండి.

ప్యాటర్న్ కోసం వేషధారులు పాటించే పద్ధతి వేరే ఉంది. ఒంటికి వంటింటి క్లింగ్ ఫిల్మ్ చుట్టి, దానిమీద టేపు అతికించి, కుట్లు ఎక్కడ రావాలో మార్కరుతో గీసి, ఆ పొరను కత్తిరించి పరిస్తే మీ ఒంటి పటమే చేతికొస్తుంది. దీన్ని మే నెల మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు చేయండి. కత్తెర పట్టడానికి బావమరిదిని పిలవడం పిరికితనం. చుట్టేటప్పుడు చేతులు బార్లా చాపి నిలబడాలని గుర్తుంటే, కత్తెర తీసుకునే చెయ్యి ఏదన్నది మీరే తేల్చుకోవాలి.

దర్జీ దగ్గరికి వెళ్లినా ఇంతకన్నా సుఖమేం లేదు. ‘ఇది ఈత డ్రెస్సా బాబూ?’ అంటాడాయన. ‘కాదు మాస్టారూ, అంతరిక్షంలో యుద్ధానికి’ అంటారు మీరు. ‘పెళ్లిళ్ల సీజను, చేతినిండా జాకెట్లున్నాయి. దసరా దాటాక రా.’

అందుకే ఇంట్లో అమ్మమ్మగారి తొక్కుడు మిషనే శరణ్యం. అది తిన్నగా మాత్రమే కుడుతుంది. సాగే గుడ్డకు జిగ్‌జాగ్ కుట్టో ఓవర్‌లాకో కావాలి, గుడ్డతో పాటు దారమూ సాగాలి గనక. తిన్నని కుట్టుకు ఆ బాధ్యత లేదు. మీరు ఫొటో కోసం ఒక మోకాలు నేలకానించినప్పుడు వెనకనుంచి ‘టప్’ మంటుంది, అంతే. సూది కూడా మార్చొద్దు. మొన గుండ్రంగా ఉండే సూది అల్లిక పోగుల మధ్యనుంచి ఒదిగి పోతుంది. మామూలు సూది పోగునే పొడుస్తుంది. ఇవాళ కనబడని చిల్లి, చీఫ్ చెయ్యెత్తిన రోజున కిటికీ అవుతుంది. చంకలో నలుచదరపు ముక్క వేస్తే చెయ్యి పైకి లేస్తుంది గానీ, చెయ్యి దించుకునే అభివాదం చేస్తే ఆ ముక్కతో పనేముంది?

కవచం నిలబడటానికి వెల్‌క్రోను నేరుగా లైక్రాకే కుట్టండి. సాగని పట్టీ ఒకటి అడుగున వేసి, దానికి టిచ్ బటన్లో వెల్‌క్రోనో బిగిస్తే పలకలు కదలవు. పలకలు కదలకపోతే మజా ఏముంది? మధ్యాహ్నానికి తొడ పలకలు మోకాళ్ల మీదికి దిగొచ్చి క్రికెట్ ప్యాడ్ల పాత్ర పోషించాలి.

జిప్పు వెనకవైపే పెట్టండి, ముందునుంచి చూడ్డానికి బాగుంటుంది. హైటెక్స్‌లో కామిక్ కాన్ జరిగే రోజున పొద్దున్నే రెండు లీటర్ల నీళ్లు తాగండి. ఫోము వేడిని బయటకు వదలదు, కాబట్టి నీళ్లు తాగడం నిజంగానే అవసరం. ఆ తర్వాతి అవసరానికి చేతి పలకలు, ఛాతీ, తొడలు, నడుము అన్నీ విప్పాలి. అప్పటికి గాని చెయ్యి వెనక్కి వెళ్లదు, వెళ్లినా జిప్పు అందదు. అలాంటప్పుడు పక్కన ఉండే మనిషిని హ్యాండ్లర్ అంటారు. బావమరిదిని అప్పుడు పిలవొచ్చు, వస్తే. సాయంత్రానికి వీపు మీద చెమట ఉప్పు తెల్లటి గీతలై తేలుతుంది. అది మాత్రం అచ్చమైన యుద్ధచిహ్నం, ఉతక్కుండా దాచుకోండి.

ఇవన్నీ వద్దనుకునే బలహీనులు కొందరుంటారు. వాళ్లు కవచానికి ఒక్క పలకైనా కోయకముందే తొడుగు కుట్టించుకుని, అది వేసుకునే పలకల కొలతలు తీస్తారు. పైముక్క, కిందిముక్క విడివిడిగా పెట్టుకుంటారు. తొడుక్కుని నేలమీద బాసింపట్టు వేసి కూర్చుని, లేచి, గుంజీళ్లు తీసి చూస్తారు. మీరూ ఆ జాబితాలో చేరదలిస్తే ఓవర్‌లాక్ మిషనున్న దర్జీని దసరాకు రెండు నెలల ముందే పట్టుకోండి. ఒకే ముక్క కావాలని పట్టుబడితే జిప్పు ముందువైపే పెట్టించుకోండి, పైనుంచీ కిందినుంచీ తెరుచుకునేది.