ఇరవయ్యారా, ముప్పయ్యా?

మా చుట్టాల్లో ఎవరికి ఓవర్‌టైం, అదే ఓటీ, లెక్క తేలకపోయినా పే స్లిప్పు పట్టుకొని నా దగ్గరికే వస్తారు. వరంగల్‌లో డాక్టరు దగ్గరికి పోతే ఫీజు, వకీలు దగ్గరికి పోతే అంతకు మించి ఫీజు. నా దగ్గర సలహా ఉచితం, పైగా చాయ్. ఆ చాయ్ మా ఆవిడ పెట్టాలి కాబట్టి నా పరోపకారానికి ఖర్చు ఆమెది, పేరు నాది.

ఎనుమాముల మార్కెట్ అవతల ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాసి రిటైరైన మనిషిని. పత్తి సీజను వచ్చిందంటే లారీలు రోడ్డు పొడుగునా వరస కట్టేవి, మిల్లు రాత్రింబవళ్లు నడిచేది, మస్టరు పుస్తకంలో ఓటీ గళ్లు నిండిపోయేవి. ఆ గళ్లను కూడీ, భాగించీ, గుణించీ నాకు ఒక గర్వం పుట్టింది. ఈ ఊళ్లో కాకతీయుల తోరణం తర్వాత నిటారుగా నిలబడేది నా ఓటీ లెక్కేనని మనసులో అనుకునేవాణ్ని. పైకి అనేవాణ్ని కాదు. ఒకసారి అంటే మా ఆవిడ, "తోరణానికి కప్పు లేదు, మీ లెక్కకు పైసల్లేవు" అంది.

ఈ జబ్బు మా ఇంట్లో బాపు కాలంనుంచే ఉంది. బాపు ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. ఏడో నిజాం కాలంలో, 1934లో, ఆయన పెద్దకొడుకు ఆజం జా పేరు మీద పెట్టిన మిల్లు అది. 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి పోయింది, 2002లో మూతపడింది. బాపు చదివింది తక్కువ. భాగహారం ఆయనకు పట్టుబడలేదు. కానీ ఓటీ చేసిన నెలలో చేతికి రావాల్సిన పైసలు ఎన్నో నోటిలెక్కన చెప్పేవాడు, క్లర్కు కాగితం మీద చేసింది దాంతో సరిపోవాలి. మా దసరా బట్టలన్నీ ఓటీ పైసలవే. ఆ పైసల్లో ఒక నిక్కరు తొడుక్కున్నవాడికి ఓటీ అంటే గౌరవం లేకుండా ఎట్లా ఉంటుంది?

మా మేనల్లుడి సంగతి చెబుతాను, లెక్క కూడా అందులోనే తెలిసిపోతుంది. వాడి నెల జీతం 18,200. అందులో బేసిక్కు 9,100. మిగతా సగం ఇంటద్దె అని, రానుపోను ఖర్చులని, ఏ పేరూ దొరకనప్పుడు 'స్పెషల్' అని ముక్కలు చేసి పెట్టారు. వాణ్ని కూర్చోబెట్టి కాగితం తీశాను. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజుకు 700. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 87 రూపాయల 50 పైసలు. ఓటీ రెట్టింపు కాబట్టి గంటకు 175. అంతే లెక్క. దీనికోసం కంప్యూటరు తెరిచేవాణ్ని చూస్తే నాకు జాలేస్తుంది.

వాడి స్లిప్పులో ఓటీ గంటకు 75 రూపాయల 83 పైసలు పడింది. పక్కన 'డబుల్' అని కూడా రాసి ఉంది. పావుగంటలో గుట్టు తెలిసింది. వాళ్లు బేసిక్కునే పట్టుకున్నారు, దాన్ని 30తో భాగించారు, తర్వాత ఎంతో ఉదారంగా రెండుతో గుణించారు. సగాన్ని రెట్టింపు చేస్తే ఒకటి రావాలి. భాగహారంలో నాలుగు రోజులు కలిపేసరికి ఒకటి కూడా రాలేదు. మామూలు గంటకు 87.50 వచ్చేవాడికి ఎక్స్‌ట్రా గంటకు దాదాపు 12 రూపాయలు తక్కువ.

"అంటే మామా, ఓటీ చేసి నేనే లాసైతున్ననా?" అన్నాడు.

"అవునురా. నువ్వు ఓవర్‌టైం చెయ్యట్లేదు, మీ సేటుకు డిస్కౌంటు ఇస్తున్నవు" అన్నాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే వంటింట్లోకి పోయి మా ఆవిడకు మళ్లీ వినిపించాను. ఆమె పప్పు పోపు మాడకుండా చూసుకుంటోంది, సరిగా వినలేదు.

నా గొప్ప అంతా 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ మీద నిలబడింది. నా సర్వీసంతా దాని నీడనే గడిచింది. రోజుకు 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితే మామూలు రేటుకు రెట్టింపు ఇవ్వాలనేది. మామూలు రేటంటే బేసిక్కొక్కటే కాదు, అలవెన్సులు కూడా. చౌకధరకు ఇచ్చే తిండిగింజల విలువ కూడా అందులో లెక్కే. బోనసు మటుకు వచ్చేది కాదు. అమెరికావాళ్లు 1938లో చేసిన చట్టంలో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లన్నారు. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి ఒప్పందం ఒకటింపావు దగ్గర ఆగింది. మనం ఏకంగా రెండింతలు రాసుకున్నాం. కాగితం మీద మన చెయ్యి ఎప్పుడూ పెద్దదే.

26 అంకె మటుకు ఆ సెక్షన్‌లో లేదు, అక్కడే యజమానులకు సందు దొరికేది. వారానికొక సెలవు తప్పదు గనక నెలలో పనిదినాలు 26 అన్నది దాని వెనక తర్కం. 1972 గ్రాట్యుటీ చట్టంలోనైతే నెల జీతగాడి పదిహేను రోజుల జీతం తేల్చడానికి 26తో భాగించాలని సూటిగా రాసే ఉండేది. ఆ వివరణ చేర్చకముందే, 1980లో, దిగ్విజయ్ ఊలెన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు యజమాని చెప్పిన 30ని కాదని 26నే నిలబెట్టింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చాయి. వాటిలోనూ ఓటీ రెట్టింపే.

మా మిల్లులోనూ ఈ 26-30 గొడవ నడిచింది. "నెలకు ముప్పై రోజులు కాదా? గోడ మీది క్యాలెండర్ చూస్కో" అన్నాడు మా సేటు. నాకు రోషం వచ్చింది. "ఆదివారం జీతం మీరు పుణ్యానికి ఇస్తలేరు, ఆరు రోజుల కష్టంలోంచే వస్తుంది. పనిచేసిన రోజుల మీదనే భాగించాలె" అన్నాను. ఆ మాట మిల్లంతా పాకింది. హమాలీలు నాకు గోలీ సోడా తాగించారు. అప్పటినుంచి 26 నా ఇంటిపేరులా అయిపోయింది.

ఇంతవరకూ చదివి నన్ను కార్మిక నాయకుడని అనుకుంటే కాస్త ఆగండి. మేడారం జాతర ఇంకా రాలేదు.

రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరొస్తుంది, మాతోపాటు హన్మకొండ, కాజీపేటల్లో చుట్టాలున్నవాళ్ల ఇళ్లన్నీ సత్రాలవుతాయి. 2026 జనవరిలో జాతరప్పుడు మా ఇంట్లో ఎవరు ఎవరికేమవుతారో అడగడం మానేశాం. పోయేవాళ్లు పోతున్నారు, తల్లులను మొక్కొచ్చినవాళ్లు దిగుతున్నారు, అందరూ అన్నం తింటున్నారు. బోళ్లు గుట్టలైనయి. మా ఇంట్లో పనిచేసే అక్క పొద్దున రెండు గంటల మనిషి, నెలకు 2,600. ఆ వారం పొద్దు గుంకేదాకా ఉండిపోయింది. మా ఆవిడ క్యాలెండర్ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వచ్చింది. చుట్టాలు పోయాక గీతలు కూడితే ఎక్స్‌ట్రా గంటలు 12.

"లెక్క చూసి ఆమెకు పైసలియ్యిండ్రి" అని మా ఆవిడ నా చేతిలో పెట్టింది. జీవితమంతా నేను ఎదురుచూసిన కేసు నా ఇంటికే వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను.

2,600 భాగించు 30. రోజుకు 86 రూపాయల 67 పైసలు. రెండు గంటలకు భాగిస్తే గంటకు 43.33. పన్నెండు గంటలకు 520. కాగితం కింద గీత కొట్టి సంతకం కూడా పెట్టాను.

మా ఆవిడ కాగితం చూసింది. "డబుల్ ఏది?"

"డబుల్ ఫ్యాక్టరీలకు. మన వంటిల్లు ఫ్యాక్టరీ కాదు గదా."

"ఆ వారం ఫ్యాక్టరీ కన్నా ఎక్కువనే నడిచింది. మీ మిల్లుల డబుల్ కోసం ఎంత లొల్లి చేసిండ్రు?"

ఇళ్లల్లో పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసిందని, పనిగంటలు, ఓటీ, వారానికి కనీసం 24 గంటల విశ్రాంతి విషయంలో వాళ్లను మిగతా కార్మికులతో సమానంగా చూడమందని నాకు తెలుసు. భారతదేశం దాన్ని ఆమోదించలేదనీ తెలుసు. మొదటిది మింగి రెండోది చెప్పాను. నలభై ఏళ్ల కాపురంలో మా ఆవిడకు నేను మింగిన మాట ఎప్పుడూ ముందే వినపడుతుంది. "మొత్తం చెప్పుండ్రి" అంది. మొత్తం చెప్పి, 520ని 1,040 చేశాను.

ఆ కాడికి ఆగినా పరువు దక్కేది. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అక్క అడిగింది: "సారూ, మీరు అందరికీ ఇరవయ్యారు అని చెప్తరు గదా, నాకు ముప్పై ఎందుకొచ్చింది?"

మేనల్లుడి స్లిప్పు నాడు ఈమె అదే గదిలో ఇల్లు తుడుస్తోంది. విద్య దాచుకోకుండా గట్టిగా చెప్పడం వల్ల వచ్చే నష్టం ఇది.

నేను ఊరుకున్నానా? ఒక తర్కం తీశాను, దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ దుప్పటి ముఖం మీదికి లాక్కోవాలనిపిస్తుంది. "అక్కా, 26 అనేది ఆదివారం సెలవు ఉన్నోళ్లకు. వాళ్లు పనిచేసేది 26 రోజులే. నువ్వు ఆదివారం కూడా వస్తవు. అంటే నీది 30 రోజుల నెల. ఏమన్న డౌటుంటే గోడ మీది క్యాలెండర్ చూడు."

ఆ చివరి మాట పలికిన గొంతు నాది కాదు. మా సేటుది. మిల్లు వదిలిపెట్టాక ఆయనను మళ్లీ చూడలేదు, ఆ రోజు మాత్రం మా హాలులో నా కుర్చీలోనే కూర్చున్నాడు. ఆదివారం సెలవివ్వని తప్పు నాది, ఆ తప్పునే ఆధారంగా చూపించి ఆమె గంట రేటు తగ్గించిన తెలివీ నాదే. మేనల్లుడి కంపెనీకి కూడా ఇంతటి ఐడియా రాలేదు, పాపం వాళ్లు ఉత్త 30తో భాగించి ఊరుకున్నారు.

అక్క కాసేపు ఆలోచించింది. ఆమెకు చట్టం తెలియదు, సెక్షన్లు తెలియవు. "గట్లయితే ఇరవయ్యారే పెట్టుండ్రి సారూ. ఆదివారం నేను రాను" అంది.

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె చూపు సింకు మీద ఉంది, తర్వాత అది మెల్లగా నా మీదికి వచ్చింది.

ఇక రాజీ ప్రయత్నాలు. పైసలకు తోడు మేడారం 'బంగారం' కూడా ఇద్దామన్నాను. బంగారమంటే అమ్మల దగ్గరి బెల్లం, మా ఇంట్లో అప్పటికే చీమలకు చాలినంత ఉంది. "బంగారం నేనూ తెచ్చుకున్న సారూ" అంది అక్క. లెక్క మళ్లీ రాశాను. 2,600 భాగించు 26, రోజుకు 100. గంటకు 50. రెట్టింపు 100. పన్నెండు గంటలకు 1,200. ఆ అంకెలు ఎంత శుభ్రంగా వచ్చాయో చూడండి, పైసలు లేవు, చిల్లర లేదు. నేను గంటసేపు వాదించి, తర్కించి, ఒప్పందాలు దాచి కాపాడబోయింది 680 రూపాయలు.

మేనల్లుడు ఇంకా వస్తూనే ఉంటాడు. నేను చెప్పినట్టు రాసిచ్చాక వాడి కంపెనీవాళ్లు 'చూస్తం' అన్నారట. ఓటీ కలిసిన నెలలో ఈఎస్ఐ, పీఎఫ్ కటింగుల లెక్క కూడా వాడికి చెప్పాను. ఇప్పుడు గొంతు తగ్గించి చెబుతున్నాను. గుమ్మం వైపు ఒకసారి చూసుకుంటున్నాను కూడా.

ఆదివారం బోళ్లు నావి. దీనికి ఓటీ ఉంటుందా అని అడిగితే, సూపర్‌వైజర్లకు ఓటీ రాదని మీరే చెప్తరు గదా అంది మా ఆవిడ. సూపర్‌వైజరు ఆమె, తోమేది నేను. ఈ పాయింటు మీద వాదించే ధైర్యం ఇంకా రాలేదు.

ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు చట్టం తేవడం గురించి పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. అది వచ్చేదాకా మీ ఇంట్లో ఎక్స్‌ట్రా గంటలకు లెక్క కట్టాల్సొస్తే నెల జీతాన్ని 26తో భాగించండి, ఆమె రోజూ పనిచేసే గంటలతో భాగించండి, రెండుతో గుణించండి. ఆదివారం సెలవు ఇవ్వకపోతే ముందు అదివ్వండి. పీచూ సబ్బూ సింకు కింద ఎడమపక్కన ఉంటాయి, నాకు ఎవరూ చెప్పలేదు గనక చెబుతున్నాను.