కంచికచర్ల టెన్తోడు

కంచికచర్ల సెంటర్లో ఐదు నిమిషాలు నిలబడితే చాలు, లోకంలో అందరికీ ఒక గమ్యం ఉందని తెలిసిపోతుంది. హైదరాబాదు బస్సుకు హైదరాబాదు ఉంది, బెజవాడ బస్సుకు బెజవాడ ఉంది, కంకర టిప్పరుకు ఎవరిదో శ్లాబు ఉంది. ఎటు పోవాలో తేలనిది ఒక్క టెన్తోడికే. అయినా ‘ఎటు పోతావురా?’ అని అందరికంటే ఎక్కువసార్లు అడిగించుకునేది వాడే.

టెన్తోడికి సొంత పేరు ఒకటుంటుంది. అది ఆధార్ కార్డు మీదా హాజరు పట్టీలోనూ క్షేమంగా ఉంటుంది. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి ఊళ్ళో ఆ పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోతారు. “మావాడు టెన్తండీ” అని వాళ్ళమ్మ అంటే చాలు, బిల్లు కోసం వచ్చిన కేబుల్ ఆయన కూడా గొంతు తగ్గిస్తాడు. చుట్టాలింట్లో పెళ్ళయితే వాణ్ణి ఇంట్లో వదిలేసి మిగిలినవాళ్ళంతా వెళ్ళి శుభ్రంగా భోంచేసి, వాడికి రెండు లడ్లు కాగితంలో చుట్టుకొచ్చి, “బాగా చదివావా నాన్నా?” అని అడుగుతారు. ఆ పూటంతా తలుపేసుకుని ఫోన్లో సినిమా చూశాడు గనక, “బానే చదివా” అంటాడు. లడ్లు మాత్రం నిజాయితీగా తింటాడు.

లెక్కల్లో వీకు, ఇంగ్లీషులో ఇంకా వీకు అని ఊళ్ళో వాడికి పేరు. కాని ఒక విద్యలో వాడికి సాటి లేదు. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే, అడిగినవాళ్ళ మొహం చూసి జవాబు చెప్పగలడు. తాతయ్య అడిగితే కలెక్టరు. పాసు పుస్తకం కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన తాతయ్యకు ఆ మాట వింటే కడుపు చల్లబడుతుంది. అమ్మ అడిగితే డాక్టరు. పరిటాల వైపు క్రషర్లో సూపర్‌వైజరుగా ఉన్న మావయ్య అడిగితే పాలిటెక్నిక్, అందులోనూ మెకానికల్. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో చేసి రిటైరైన పెదనాన్న అడిగితే “ఎలక్ట్రికల్, పెదనాన్నా”. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే బాబాయ్ అడిగితే ఏఐ. అదేమిటో బాబాయ్ అడగడు, వీడు చెప్పడు. ఇద్దరికీ గౌరవంగా గడిచిపోతుంది. పక్క బెంచీవాడు అడిగితే “యూట్యూబ్ ఛానెల్ పెడదాంరా”. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఎదుటివాళ్ళు మాట్లాడినంతసేపూ వాడు నిజంగానే అదే అవుతాడు. వాళ్ళు సందు మలుపు తిరగ్గానే మళ్ళీ టెన్తోడవుతాడు.

వాడి దినచర్య తెల్లవారుజామున నాలుగింటికి అలారంతో మొదలవుతుంది. ఆ మోతకు నాన్న లేస్తాడు, అమ్మ లేస్తుంది, కొట్టంలో గేదె లేస్తుంది, పక్కింటి మామ్మ లేచి దగ్గుతుంది. టెన్తోడు మాత్రం లేవడు. నలుగురూ కలిసి లేపితే లేచి, మొహం కడిగి, పుస్తకం తెరిచి, ఆ పుస్తకం మీదే తల వాల్చి రెండో విడత మొదలుపెడతాడు. ఆ పుస్తకం కూడా మంచిది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషులో అర్థం కానిది తెలుగులో చూసుకోమని సర్కారు ఉద్దేశం. వీడు తెలుగులో అర్థం కానిది ఇంగ్లీషులో చూసుకుంటాడు. రెండూ చూశాక సెంటర్లోకి పోయి గైడు కొంటాడు.

చదువులో వాడికి కొన్ని సొంత పద్ధతులున్నాయి. తెలుగు ఉపవాచకం రామాయణం. అందులో ఎవరి పాత్ర స్వభావం రాయమన్నా ‘ధర్మాత్ముడు, సుగుణాల రాశి, పెద్దల యెడల గౌరవం గలవాడు’ అని మొదలుపెడతాడు. ఒకసారి రావణుడి గురించీ అంతే రాశాడు. మాస్టారు ఆ మూడు మాటల కింద ఎర్ర గీత గీసి, దస్తూరి బాగుందని అర మార్కు వేశారు. సోషల్లో ఉప్పు సత్యాగ్రహం 1930లోనో 1942లోనో వాడికి ఒక పట్టాన నిలవదు. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చింది 2023 జూలైలో అని మాత్రం తడుముకోకుండా చెబుతాడు. బడికి సెలవిచ్చిన చరిత్రను ఎవడు మరిచిపోతాడు? జిల్లా ఏదని అడిగితే నాన్న కృష్ణా అంటాడు, వీడు ఎన్టీఆర్ అంటాడు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచీ ఒకే ఇంట్లో తండ్రిదొక జిల్లా, కొడుకుదొక జిల్లా.

ఇంగ్లీషులో వాడికి కంఠతా వచ్చిన వ్యాసం ‘మై ఎయిమ్ ఇన్ లైఫ్’. గైడులో ఉన్నది ఉన్నట్టు అప్పజెబుతాడు. నేను డాక్టరునై మా ఊరి పేదలకు ఉచితంగా సేవ చేస్తాను అని దాని సారాంశం. క్లాసులో అందరిదీ అదే గైడు. వాళ్ళంతా రాసిన మాట మీద నిలబడితే పదేళ్ళలో కంచికచర్లలో వీధికో ఉచిత వైద్యశాల ఉంటుంది, రోగుల్ని మాత్రం నందిగామ నుంచీ జగ్గయ్యపేట నుంచీ బస్సు కట్టించి తెచ్చుకోవాలి.

ఫోను సంగతి వేరే చెప్పాలి. పరీక్షలయ్యేదాకా ముట్టుకోవద్దని నాన్న ఆర్డరు. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో పెడతామని బడి ఆర్డరు. ఈ రెండు ఆర్డర్ల నడుమ ఉన్న సందులోంచి టెన్తోడు హాయిగా దూరిపోతాడు. “ఫోనెందుకురా?” అంటే “సార్ పీడీఎఫ్ పెట్టారమ్మా” అంటాడు. ఆ పీడీఎఫ్ ఎంత పెద్దదంటే రాత్రి పదకొండు దాకా తెరుచుకుంటూనే ఉంటుంది, మధ్యమధ్య దాంట్లోంచి కామెంటరీ వినిపిస్తుంది.

డిసెంబరు రాగానే బళ్ళో వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒక స్పెషల్ క్లాసు, నడుమ స్లిప్ టెస్టు. ఇంటికేమో కొత్త చుట్టాలొస్తారు. వాళ్ళు కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు. కరపత్రం నిండా తపాలా బిళ్ళంత ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక్కో ర్యాంకు. “ఇప్పుడే సీటు రిజర్వు చేసుకుంటే ఫీజులో తగ్గింపుంటుందండీ” అంటూ, మజ్జిగ తాగి, వీడి మార్కులు అడక్కుండానే ఐఐటీ ఖాయం చేసి వెళ్ళిపోతారు. తర్వాత ఇంట్లో చర్చ నడుస్తుంది. అమ్మకు బైపీసీ. నాన్నకు ఏ గ్రూపైనా ఫీజు తక్కువదైతే చాలు. ఊళ్ళోనే హైవే పక్కన మిక్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఇంటర్ అయ్యాక నడిచిపోవచ్చు గదా అని తాతయ్య. కాని ఇక్కడొక ఆనవాయితీ ఉంది. బయటి ఊళ్ళ పిల్లలు బస్సులెక్కి వచ్చి కంచికచర్లలో చదువుతారు, కంచికచర్ల పిల్లలు బస్సులెక్కి మైలవరమో కానూరో పోయి చదువుతారు.

నాన్న అసలు గురి నూజివీడు ట్రిపుల్ ఐటీ మీద ఉంది. 2008లో మొదలైన ఆ చదువుకు ఎంట్రన్సు లేదు, పదో తరగతి మార్కులే కొలమానం. చేరితే ఇంటరూ ఇంజనీరింగూ కలిపి ఆరేళ్ళూ ఒకేచోట. పైగా సర్కారు బళ్ళో చదివిన పిల్లలకు నాలుగు శాతం మార్కులు కలిపి చూస్తారు. నాన్న ఆ నాలుగు శాతాన్ని అప్పుడే కలిపేసుకున్నాడు. మిగతా తొంభై ఆరు శాతం తెచ్చే పని కొడుక్కి వదిలేశాడు.

సంక్రాంతికి చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల దగ్గర హైదరాబాదు కార్లు బారులు తీరతాయి. ఆ బారులో ఒక కారు వీడి కోసమే వస్తోందని వీడికి తెలుసు. బాబాయ్ దిగుతాడు. గారెల్లో మొదటిది నోట్లో పెట్టుకుంటూనే, “ఏరా, కోడింగ్ మొదలెట్టావా?” అంటాడు. “చేస్తన్నా బాబాయ్” అంటాడు వీడు. బాబాయ్ కొడుకూ టెన్తే. వాడు ఒలింపియాడ్లు రాస్తాడు, వాడికి వారం పొడుగునా ట్యూషన్లు. ఆ జాబితా వింటూ నాన్న నిట్టూర్చి, “సుబాబుల్ మొక్క పాతి గాలికొదిలేస్తే దానంతటదే పెరుగుద్ది గదరా తమ్ముడూ, వీడికి పదేళ్ళ నుంచీ నీళ్ళు పోస్తానే ఉన్నా” అంటాడు. ఆ సాయంత్రం పిల్లలిద్దరూ డాబా ఎక్కి గాలిపటం ఎగరేస్తూ మాట్లాడుకుంటే తేలిందేమంటే, ఒలింపియాడ్ వాడికీ తనకేం కావాలో తెలీదు. కాకపోతే వాడు ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పగలడు.

ఫిబ్రవరిలో మిర్చి కల్లం దగ్గర రాత్రి కాపలా. అక్కడైతే ప్రశాంతంగా చదువుకుంటాడని నాన్న టార్చీ, పుస్తకం చేతికిచ్చి పంపుతాడు. వాడు పుస్తకం తలకింద పెట్టుకుని చుక్కలు చూస్తాడు. తెల్లారి టిక్కీలు లారీకెక్కించే వేళ మాత్రం కొత్త అవతారం ఎత్తుతాడు. ఎన్ని టిక్కీలు, తూకమెంత, గుంటూరు యార్డులో క్వింటా ధరెంత, కమిషను పోను, హమాలీ పోను, లారీ కిరాయి పోను చేతికొచ్చేదెంత అన్నది లారీ స్టార్టయ్యేలోపు నోటితో చెప్పేస్తాడు. నాన్న సాయంత్రం దాకా కాగితం మీద వేసుకుని చూస్తే పైసాతో సహా అంతే వస్తుంది. అదే కుర్రాడికి లెక్కల మాస్టారు ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అని బోర్డు మీద రాసి x ఎంత, y ఎంత అంటే నోట మాట రాదు. “ఎక్స్ అంటే ఏంటో తెలిస్తే గదా, రేటు చెప్పడానికి!” అని వాడి బాధ.

మార్చిలో పరీక్షలు. ముందు రోజు పరిటాల పోయి, 135 అడుగుల ఆంజనేయస్వామి పాదాల దగ్గర పది రూపాయల పెన్ను పెట్టి దండం పెట్టుకొస్తాడు. అంత స్వామికి ఇంత పెన్ను కనపడిందో లేదోనని వాళ్ళమ్మ మరో రెండు పెన్నులు చేర్చింది. హాల్ టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సులో టికెట్ అక్కర్లేదు. క్లాసులో ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వచ్చిన దగ్గర్నుంచీ ఏడాది పొడుగునా ఆ వైభోగమే, వీడికి మాత్రం పరీక్షలున్న ఆ కొద్ది రోజులే గనక కండక్టరు అడక్కపోయినా చూపిస్తాడు. తొమ్మిదిన్నరకు పేపరిస్తే మొదటి పావుగంట చదువుకోవడానికి. వాడి ఏడాది మొత్తంలో మనిషనేవాడు ఏమీ అడగని పావుగంట అదొక్కటే. అడిగేదేదో కాగితం అడుగుతుంది, అదీ నెమ్మదిగా, నంబర్లు వేసి అడుగుతుంది. హిందీలో 20 వస్తే పాసు, మిగతావాటిలో 35 రావాలి. అందుకే హిందీ పరీక్ష రోజున వాడు బస్సు దిగే తీరే వేరు. ఏ పరీక్ష ఎలా రాశావన్నా “బానే రాశా” అంటాడు.

ఏప్రిల్లో ఫలితాలు. 2025లో సర్కారు వాట్సాప్ సేవ ‘మన మిత్ర’లో కూడా ఇచ్చారు. ఆ సౌకర్యం వల్ల, నంబరు రాసుకున్న చుట్టాలంతా వీడికంటే ముందే చూసేస్తున్నారు. ఆ ఏడాది రాష్ట్రంలో పాసైనవాళ్ళు 81.14 శాతం. అందులో ఆడపిల్లలు 84.09, మగపిల్లలు 78.31. అమ్మ ఆ అంకెలు పడిన పేపరు ముక్క కత్తిరించి దేవుడి పటం పక్కన పెట్టుకుంది, వీణ్ణి తిట్టాల్సి వచ్చినప్పుడల్లా తీసి చదువుతుంది. ఇంతా చేసి వీడికి 600కు 468. ఫస్టు క్లాసే. కాని పక్కింటి మామ్మ మనవరాలికి 572 గనక మనింట్లో స్వీట్లు పంచాలా వద్దా అన్నది తేలలేదు. తాతయ్య మాత్రం కలెక్టరు పదవిని రద్దు చేయకుండా, డిగ్రీ అయ్యాక గ్రూప్స్ రాసి అంచెలంచెలుగా ఎక్కొచ్చని వాయిదా వేశాడు.

టెన్తోడికి నిజంగా ఇష్టమైన పథకం ఒకటుంది, అది ఎవరికీ చెప్పడు. తొలకరి పడ్డాక చందర్లపాడు మండలం గుడిమెట్లలో ఎక్కడెక్కడి జనమో వచ్చి కొండ పక్కల వంగి నడుస్తూ వజ్రాలు వెతుకుతారు. మన్ను కొట్టుకుపోయి రాళ్ళు తేలే కాలం అది. కాలేజీ తెరిచేలోపు వీడూ ఇద్దరు స్నేహితులతో మోటారు సైకిలు మీద పోతాడు. వజ్రం దొరికితే ఎంపీసీయా బైపీసీయా అన్న గొడవే ఉండదని పైకి అనుకుంటారు. అసలు సుఖం వేరు. అక్కడ అందరి చూపూ నేల మీదే ఉంటుంది, కుర్రాడి మొహం చూసి ఏమవుతావురా అని అడిగే తీరిక ఒక్కరికీ ఉండదు. పొద్దు గూకేదాకా తిరిగి, జేబు నిండా గాజు పెంకుల్లాంటి రాళ్ళేసుకుని ఇంటికొచ్చి ఆవురావురుమని తింటాడు.

అయ్యా, వీడు పనికిమాలినవాడు కాడు. కల్లం దగ్గర లెక్క కట్టగలడు, బస్సు టైములన్నీ నోటికి చెప్పగలడు, ఎదుటి మనిషికేం కావాలో కళ్ళలో చూసి పట్టగలడు. పదిహేనేళ్ళకు ఇది తక్కువ చదువేం కాదు. తనకేం కావాలో ఒక్కటే ఇంకా తెలీదు. అది తెలుసుకోవడానికి కాస్త ఖాళీ కావాలి, ఆ ఖాళీనంతా మన ప్రశ్నలతో మనమే నింపేశాం. కాబట్టి కంచికచర్ల సెంటర్లో బస్సు దిగినప్పుడు వీపున సంచీతో వాడు ఎదురైతే, దయచేసి ఏమవుతావని అడక్కండి. అడిగితే వాడు చెప్పేది మీ కోరికే గాని వాడిది కాదు. అంతగా ఉండబట్టకపోతే, గుడిమెట్లలో ఏమన్నా దొరికిందా అని అడగండి. దానికి మాత్రం మీ మొహం చూడకుండా జవాబు చెబుతాడు.